కట్టె రివాల్వర్

తాత పోయిన సంగతి మెట్ల పక్కన జిరాక్స్ తీసే ఆయన చెప్పాడు. నేను అప్పుడే సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వెళ్తున్నాను.

"నిన్న సాయంత్రం దవాఖానల పోయిండమ్మా. పొద్దుగాల్నే ఊరికి తీస్కపోయిన్రు," అన్నాడు.

"ఔనా" అన్నాను. అంతకన్నా ఏమీ అనలేకపోయాను. ఎవరైనా ఏదైనా చెబితే నాకు జవాబు అరగంట తరవాత తోస్తుంది. అప్పటికి మనిషి వెళ్లిపోయి ఉంటాడు. డైరీ రాసే అలవాటు అందువల్లే వచ్చిందనుకుంటాను.

కంప్యూటర్ ఆన్ చేసి ఆ రోజు రావాల్సినవాళ్ల పేర్లు చూసుకున్నాను. మూడో పేరు మా బావది. మధ్యాహ్నం సంతకం పని మీద వస్తాడు. తాత పోయాడని ఆయనకు నేనే చెప్పాలి.

నేను పనిచేసేది ఆబిడ్స్‌లో ఒక పాత తుపాకుల దుకాణంలో. వచ్చినవాళ్ల లైసెన్సు కాగితాలు సరిచూసి, ఏ తుపాకీ ఏ నంబరుదో రిజిస్టర్‌లో ఎక్కించడం నా పని. పనిలో చేరిన చాలా రోజుల వరకూ వాటిని ముట్టుకునేదాన్ని కాదు. నంబరు చదవడానికి కూడా మా సేఠ్‌నే తిప్పి చూపించమనేదాన్ని. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి ఏరుకొచ్చినది ఒకటి ఎప్పుడూ నా సొరుగులో ఉంటుంది. జనం లేనప్పుడు అది చదువుకుంటాను. సేఠ్ చూసీచూడనట్టు ఉంటాడు.

దుకాణం వెనక, మేడ మెట్ల కింద, నిలబడితే తల తగిలేంత చోటు ఒకటుంది. తాత అక్కడ కూర్చునేవాడు. తోలు పని ఆయనది. బెల్టులు, తూటాల పట్టీలు, రైఫిల్ సంచులు కుట్టేవాడు; అన్నిటికన్నా ఎక్కువగా రివాల్వర్ పెట్టుకుని నడుముకు కట్టుకునే హోల్‌స్టర్లు. వచ్చేవాళ్లు దాన్ని 'కవర్' అంటారు. ఆయన 'ఒర' అనేవాడు, కత్తికి అన్నట్టే. వాళ్ల నాన్న గుర్రాల జీన్లు కుట్టేవాడట. గుర్రాలు తగ్గాక తండ్రీకొడుకులు ఇటు వచ్చారు. పేరు నేనెప్పుడూ అడగలేదు. సేఠ్ దగ్గర్నుంచి చాయ్ తెచ్చేవాడి దాకా అందరికీ ఆయన తాతే.

తాత మనుషుల మొహాలు చూసేవాడు కాదు, నడుములు చూసేవాడు. రెండేళ్ల తరవాత వచ్చినవాణ్ని కూడా, "నువ్వా? కూసుంటే ఎడమ దిక్కు ఒరుగుతవు, యాదికున్నవు" అనేవాడు. ఒకసారి రిటైరైన ఆఫీసరు ఒకాయన వచ్చి, ఒర బిగుసుకుపోయిందని గొడవ పెట్టుకున్నాడు. తాత తల ఎత్తకుండానే, "ఒర మారలేదు సారూ. గది గాన్నే ఉన్నది. మీరే రెండేళ్లు ముందటికొచ్చిన్రు" అన్నాడు. ఆఫీసరు కడుపు లోపలికి లాక్కుని మరీ నవ్వాడు.

పాన్ వేసుకునేవాడు కాదు. "ఎర్ర చెయ్యి తోలుకు తాకితే ఇగ పోదు" అని, బుగ్గన ఒక లవంగం పెట్టుకునేవాడు. మైనం రాసిన దారానికి రెండు చివర్లా రెండు సూదులు గుచ్చి, ఒకే రంధ్రంలోంచి ఒకదానికొకటి ఎదురుగా లాగేవాడు. ఒక్క సూదితో కుడితే ఒక్క కుట్టు తెగినా వరసంతా ఊడిపోతుందట. నానిన తోలును ఆయుధం ఆకారానికి అద్దడానికి నున్నగా అరగదీసిన కొమ్ము ముక్క వాడేవాడు. మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా తీసుకుని మెట్ల మీద కూర్చుంటే, ఆ కొమ్ము తోలు మీద జారే చప్పుడు వినిపిస్తూ ఉండేది.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. ఎంత పెద్దమనిషి వచ్చినా వెంటనే తోలు కోసేవాడు కాదు. గోడకు ఒక బల్ల, దాని మీద వరసగా కట్టె రివాల్వర్లు ఉండేవి. అన్నీ ఆయన స్వయంగా చెక్కినవే. లోపల తొలిచి సీసం పోసి, అసలు దాని బరువుకు సరిగ్గా తూకం వేసి ఉంచేవాడు. వచ్చిన మనిషికి ఒక పాత ఒరలో ఆ కట్టె పెట్టి ఇచ్చేవాడు.

"ఎనిమిది రోజులు కట్టె కట్టుకో. గది కట్టె అని మర్సిపోయిన రోజు నాకు జెప్పు. అప్పుడు తోలు ముచ్చట."

కొందరు నవ్వేవాళ్లు. కొందరికి కోపం వచ్చేది. అయినా తీసుకుపోయేవాళ్లు; ఆయన కుట్టింది ఇరవై ఏళ్లు ఉంటుందని పేరు. ఎనిమిది రోజుల తరవాత సగం మంది కట్టె తిరిగిచ్చి, తోలు మాటెత్తకుండా వెళ్లిపోయేవాళ్లు. తాత ఎందుకని అడిగేవాడు కాదు.

"దాసేది తోలు గాదు బిడ్డా, చెయ్యి," అని ఒకరోజు నాతో అన్నాడు. నాకు అర్థం కాలేదు. లేచి బయట రోడ్డు మీది కమాను దాకా వచ్చి, నాంపల్లి స్టేషన్ వైపు పోతున్న జనాన్ని చూపించాడు. "గా నీలం అంగీ ఆయన్ని జూడు. ఊకె నడుము తడుముకుంటుండు. ఆయన కాడ ఏదో ఉన్నది. తుపాకన్న, పైసలన్న. ఎంత మంచి ఒర కుడితే ఏం ఫాయిద? నేను దాస్త, ఆయన చెయ్యి ఊరంత చాటింపేస్తది." చూశాను. నీలం చొక్కా ఆయన రోడ్డు దాటేలోపు మూడుసార్లు తడుముకున్నాడు.

బావ అంటే మా అక్క భర్త. చదువుకోవడానికి వచ్చి వాళ్లింట్లోనే ఉండిపోయాను. నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. నా పుస్తకాలు నేల మీద పేరుకుంటున్నాయని, అడగకుండానే వాటికి చెక్క అలమర చేయించిన మనిషి బావ. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్టు ఆయనది. మాట పెద్దది, మనసు మెత్తన. ఊరి చివర ఒక ప్లాటు కొన్నాడు. అదే ప్లాటు తనదని ఇంకొకాయన కాగితాలు తీశాడు. పోట్లాట కోర్టుకెక్కింది. ఆ తరవాత ఫోన్లు మొదలయ్యాయి. మొదట తిట్లే. ఒకరోజు మేం అన్నం తింటుండగా వచ్చిన ఫోన్లో మాత్రం, ఎవరో తిట్టకుండా, మా పాప చదివే బడి పేరు చెప్పి పెట్టేశారట. బావ ఆ పూట చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పాపకు అప్పుడు నాలుగేళ్లు.

వ్యాపారం పేరు మీద రెండేళ్లుగా తిరుగుతున్న లైసెన్సు ఆ నెలలోనే చేతికొచ్చింది. మా దుకాణానికే వచ్చాడు. సేఠ్ ముందు చిన్న రివాల్వర్లు చూపించాడు.

"గిదేంది సేఠ్, సిగరెట్ ముట్టిచ్చుకునేదా?" అన్నాడు బావ.

ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది, పొడుగు గొట్టానిది తీసుకున్నాడు. దాని నంబరు రిజిస్టర్‌లో రాసింది నేనే. రాసేటప్పుడు నా చేతిరాత నాకే కొత్తగా కనిపించింది.

దసరా అయిపోయిన మూడో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, బావ దాన్ని తీసుకుని తాత దగ్గరికి వచ్చాడు. నేను మెట్ల మీద డబ్బా విప్పుకుని కూర్చున్నాను. వెనక నడుములో దోపుకుని, పైన చొక్కా వదిలేసి వచ్చాడు. తీసి తాత ముందున్న మేజా బల్ల మీద పెట్టాడు. గొట్టం నా వైపు ఉంది.

తాత ఒక్క వేలితో దాన్ని గోడవైపు తిప్పాడు.

"ఖాళీయేనా?"

"ఖాళీయే తాతా. నిండుది పట్టుకొని ఆబిడ్స్‌ల తిరగనీకి నేనేమన్న పిచ్చోణ్నా?"

తాత దాన్ని తీసుకుని, పక్కకు నొక్కి, తూటాలు పెట్టే చక్రం బయటికి తీశాడు. ఆరు గదులు. అయిదింటిలోంచి వెలుతురు వచ్చింది. ఆరోది మూసుకుపోయి ఉంది. ఇత్తడి మెరిసింది. దాని మీద ఎర్రగా కుంకుమ బొట్టు.

పైన మేడ మీద ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. తాత చక్రాన్ని వంచి, తూటాను అరచేతిలోకి రాల్చుకుని, "పట్టుకో బిడ్డా" అని నాకిచ్చాడు. అలాంటిది ముట్టుకోవడం నాకదే మొదలు. అది వెచ్చగా ఉంది. బావ ఒంటి వేడి.

"దసరా నాడు పూజల పెట్టినం," అన్నాడు బావ. గొంతు తగ్గింది. "ఖాళీది దేవుని ముందట పెట్టొద్దు, శుభం గాదని మీ అక్క అన్నది. శకునానికని ఒక్కటి పెట్టిన. తీసిననుకున్న తాతా. అన్నం ముందట పెట్టె, పిల్ల ఏడ్సె, గా గడబిడల..."

నిజమే. మా ఇంట్లో దేవుడి ముందు ఖాళీ గిన్నె పెట్టరు. ఖాళీ పర్సు కూడా పెట్టరు. నాలుగు గింజలైనా వేస్తారు. జమ్మి ఆకు కింద ఆ రివాల్వర్‌ను నేనూ చూశాను, దండం కూడా పెట్టుకున్నాను. తరవాత మూడు రాత్రులు అది నా పుస్తకాల అలమరలో పై అరలో ఉంది. పాపకు అందదని అక్కడ పెట్టాడు. నేను రోజూ దాని పక్కనుంచే పుస్తకం లాక్కున్నాను.

తాత లవంగం ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చుకున్నాడు.

"దేవునికి ఖాళీది పెట్టకు. నాకు నిండుది పెట్టకు," అన్నాడు. అంతే. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఇక బేరం మొదలైంది. బావకు అది ఎవరికీ కనపడకూడదు, తియ్యాలంటే వెంటనే చేతికి రావాలి.

"ఏనుగును కొన్నవు. దుప్పట్ల దాసుమంటున్నవు," అన్నాడు తాత.

"చంకల కింద కట్టుకునేది ఉంటది గద తాతా. ఫోన్ల చూసిన."

"గది కోటు కింద కట్టుకునేది. హైదరాబాద్ ఎండల కోటేసుకునేటోడు వకీలన్న అయితడు, పెండ్లికొడుకన్న అయితడు. నువ్వు పప్పులమ్మేటోనివి."

"కాలుకు?"

"గింత బరువు కాలుకు కట్టుకుంటే కుంటుకుంట నడుస్తవు. ఏమైంది కాలుకు అని ఊరంత అడుగుతది."

మా దుకాణంలో దొరికే నైలాన్‌ది తెచ్చి చూపించాడు బావ. తాత దాన్ని చేత్తో నలిపి పక్కన పెట్టాడు. మెత్తగా ఉంటే లోపల తుపాకీ మీట మీద గుడ్డ ఒత్తుకుంటుందని, చెమటకు నానితే నోరు మూసుకుపోతుందని చెప్పాడు. తరవాత బావను నిలబెట్టాడు, వంగమన్నాడు, స్కూటర్ మీద కూర్చున్నట్టు కూర్చోమన్నాడు. ఉస్మాన్‌గంజ్‌లో బస్తా ఎట్లా లేపుతావో లేపి చూపించమన్నాడు. చివరికి కింద చాప వేసి, "బంతిల కూసున్నట్టు సక్లముక్లం ఏసుకొని కూసో" అన్నాడు. బాసింపట్టు వేసుకుని కూర్చున్నాక, ముందు కట్టుకుంటే గొట్టం తొడలో గుచ్చుకుంది. వెనక కట్టుకుంటే గోడకు ఒరగడానికి లేదు. కుడి తుంటి ఎముక దాటాక, కొంచెం ఎత్తుగా, కొంచెం ముందుకు వాలినట్టు పెడితేనే కుదిరింది. తాత అక్కడ సుద్దముక్కతో బెల్టు మీద గీత గీశాడు.

"పిల్లలున్నరా?"

"ఒక్క బిడ్డ."

"ఎత్తుకుంటే ఏ దిక్కు ఎత్తుకుంటవు?"

బావ తన చేతుల్ని తనే చూసుకున్నాడు. "కుడి దిక్కు," అన్నాడు.

"ఇగ నుంచి ఎడమ దిక్కు నేర్సుకో."

వచ్చే వారం శనివారం దాకా కట్టె కట్టుకోమన్నాడు. బావకు ఆ మర్నాడు ఆదివారం ప్లాటు దగ్గర కొలత. సర్వేయర్ వస్తాడు, ఎదుటి పార్టీ మనుషులతో వస్తుంది. "ఆదివారం నాటికి నాకు ఒర గావాలె తాతా. గా దినం నేను ఒట్టి చేతుల్తోని పోలేను," అన్నాడు బావ. శనివారం పొద్దున వస్తే సాయంత్రానికి చేతిలో పెడతానని తాత మాటిచ్చాడు. పాత ఒరలో ఆ కొలతకు దగ్గరగా ఉన్న కట్టె పెట్టి, పైన పట్టీ గుండీ నొక్కాడు. 'టక్'మని పెద్ద చప్పుడు వచ్చింది.

"గింత చప్పుడేంది? చప్పుడు లేని గుండీ లేదా?"

"ఉన్నది. నేను పెట్ట. చెయ్యి ఏం పని జేస్తుందో చెవికి తెల్వాలె."

బావ లేచి వెళ్తూ ఉంటే తాత నన్ను ఆగమన్నాడు. "నువ్వు రోజు ఏందో రాస్తవు గద బిడ్డా. మీ బావ చెయ్యి నడుము కాడికి ఎన్నిసార్లు పోతదో రాయి. ఆయనకు చెప్పకు."

డబ్బా మూత పెట్టేశాను. ఆయన ఇంట్లో ఉంటూ, ఆయన తిండి తింటూ, ఆయన మీద నిఘా పెట్టడం ఏమిటి? కానీ తూటా వెచ్చదనం ఇంకా వేళ్లకు ఉంది. రాశాను.

ఆయన నా కళ్ల ముందు ఉన్నంతసేపే లెక్క. శుక్రవారం సాయంత్రం నుంచి పడుకునే దాకా నలభై ఒకటి. శనివారం, ఆదివారం ఇంకా ఎక్కువ. సోఫాలో కూర్చోబోతూ తడుముకునేవాడు, గడప దాటుతూ తడుముకునేవాడు, ఫోన్ మోగితే చాలు చెయ్యి అటే పోయేది. అక్కకు ఒళ్లు మండేది. "అందరి మొగుళ్లు గొలుసులు తెస్తరు. నా మొగుడు కట్టె కట్టుకొని తిరుగుతుండు. సిలిండర్ అయిపోతే అక్కరకొస్తది తియ్, పొయ్యిల పెడత" అనేది. నవ్వుతూనే అనేది గాని, రాత్రి వంటింట్లో గిన్నెలు తోముతూ నన్ను అడిగింది: "ఆదివారం ఏం గాదు గద చిన్నీ?" నేను జవాబు చెప్పేలోపు ట్యాప్ కట్టేసి వెళ్లిపోయింది.

సోమవారం ఇరవై రెండు. మంగళవారం తొమ్మిది. బావ మొహంలో గర్వం కనిపించింది. "చూసినవా చిన్నీ, ఇగ యాదికే ఉంటలేదు. ఒంట్ల కలిసిపోయింది. మీ తాత శనివారం నోర్మూసుకొని కుట్టాలె." నాకు కూడా అలాగే అనిపించింది. మర్చిపోతే పాసైనట్టే కదా, తాత అన్నది అదే కదా అనుకున్నాను.

బుధవారం సాయంత్రం పాపకు సీతాఫలం ఐస్‌క్రీమ్ తినిపిస్తానని మమ్మల్ని మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లాడు. లోపల రాతి అరుగుల ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. అక్క, నేను కూర్చున్నాం. బావ నాలుగు కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. పాప ఆయన కుడి కాలు పట్టుకుని, ముందు వైపు నిలబడి తింటోంది. గింజలు ఉన్నాయేమోనని ప్రతి చెంచా ఆగి చూసుకుంటోంది.

ఎదురుగా పళ్ల దుకాణాల వైపు నుంచి ఒక బట్టతల ఆయన వచ్చాడు. తెల్ల లాల్చీ. వెనక ఇద్దరు మనుషులు. బావ మొహం చూసి నాకు తెలిసిపోయింది, ఎదుటి పార్టీ ఆయన ఇతనేనని. అనుకోకుండా కలిశాడో, వెనకాలే వచ్చాడో ఇప్పటికీ తెలియదు. నాలుగడుగుల దూరంలో ఆగాడు. బావను చూశాడు. తరవాత కిందికి, పాపను చూశాడు.

"గిదేనా బిడ్డ?" అన్నాడు.

అని కుడి చెయ్యి లాల్చీ జేబులో పెట్టాడు.

టక్.

ఆ చప్పుడు నాకు వినిపించింది. అక్కకు వినిపించలేదు, చుట్టూ జనం గోల. బావ చెయ్యి చొక్కా కింద ఉంది. మోచెయ్యి వెనక్కి పోయింది. ఆయన కళ్లు ఆ జేబు మీదే ఉన్నాయి, రెప్ప వెయ్యడం లేదు. ఆయన చేతికీ ఆ తెల్ల లాల్చీకీ మధ్య, చెంచా నోట్లో పెట్టుకుని, మా పాప తల.

నేను లేచి నిలబడ్డాను. జనంలో గొంతెత్తి మాట్లాడటం నా వల్ల ఎప్పుడూ కాలేదు. ఆయన చెవి దగ్గరికి పోయి అన్నాను.

"బావా. అది కట్టె."

ఆయన నా వైపు తిరిగాడు. నేనెవరో తెలియనట్టు చూశాడు. తరవాత ఆ చూపులోకి మా బావ మెల్లగా తిరిగి వచ్చాడు.

బట్టతల ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి, నెత్తి తుడుచుకున్నాడు. "ఆదివారం కలుద్దాం మరి" అని వెళ్లిపోయాడు. బావ కుర్చీలో కూలబడ్డాడు. గుండీ మళ్లీ పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. ఆయన కప్పులో ఐస్‌క్రీమ్ కరిగి నీళ్లైంది. పాప అది కూడా తాగేసింది.

శనివారం పొద్దున బావ, నేను కలిసే వెళ్లాం. బావ అసలు రివాల్వర్‌ను కొలతకని సంచిలో పెట్టుకున్నాడు. తాత అప్పటికే మందపాటి తోలు ముక్కను తొట్టిలో నానబెట్టాడు. సుద్ద గీతలు నీళ్లలో కూడా కనిపిస్తున్నాయి. నానిన తోలు ఎక్కువసేపు ఆగదు. ఆ పూటే అద్ది, కుట్టెయ్యాలి.

"చదువు బిడ్డా," అన్నాడు నాతో.

"ఏం చదువుతది?" బావకు అర్థం కాలేదు. నేను సంచిలోంచి డైరీ తీస్తుంటే అర్థమైంది. ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు నా మీద రాసినవా చిన్నీ?"

డైరీ తెరిచాను. అంకెలు మాత్రం చదవాలనుకున్నాను. నలభై ఒకటి, అరవై, యాభై ఏడు, ఇరవై రెండు, తొమ్మిది. బుధవారం పేజీ దగ్గర ఆగాను. అక్కడ అంకెతో పాటు ఇంకో రెండు ముక్కలు రాసి ఉన్నాయి. వదిలేసి గురువారానికి వెళ్లవచ్చు. తాతకు చదువు రాదు. బావ అలమర, బావ ఇల్లు, ఆయన నన్ను చూస్తున్న చూపు. కానీ మర్నాడు ఆయన నడుముకు ఉండేది కట్టె కాదు.

"బుధవారం," అని చదివాను. "ఒకటి. గుండీ ఊడింది. పాప మధ్యలో ఉంది. అది కట్టె అని బావకు యాదికి లేదు."

తాత చాలాసేపు నేల చూశాడు. తరవాత, నాకు తెలిసి మొదటిసారి, ఒక మనిషి మొహంలోకి చూశాడు.

"మంచి నడుము నీది. ఎనిమిది రోజులల్ల గింత బరువును మర్సిపోయినోణ్ని నేను చూడలే. నడుముకు ఒర కుడ్త బిడ్డా. చేతికి ఒర కుట్టస్తదా నాకు?"

"వాళ్లు నా పిల్ల బడి పేరు చెప్పిన్రు తాతా," అన్నాడు బావ. "రేపు నన్ను ఒట్టిగ పొమ్మంటవా?"

"నేను పొమ్మంట లేను, వద్దంట లేను. తోలు నానవెట్టిన. కుట్టుమంటే కూసుంట." ఆగి, మెల్లగా అడిగాడు. "ఒక్క మాట జెప్పు. పిల్ల ఏడ నిలవడ్డది?"

బావ తొట్టిలో తోలు వైపు చూస్తూ నిలబడ్డాడు. సేఠ్ అటు నుంచి ఎవరినో పిలుస్తున్నాడు. ఒక స్కూటర్ ఎంతకీ స్టార్ట్ కావడం లేదు. చివరికి బావ నడుమున్న కట్టె విప్పి బల్ల మీద పెట్టాడు. సంచి తీసుకుని, తల వంచి, మెట్ల కింద నుంచి బయటికి నడిచాడు. ఎటు పోతాడో అని నేను వెనకే పరిగెత్తాను.

మా దుకాణంలోకి వెళ్లాడు. లైసెన్సు ఉన్నవాళ్లు ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోకుండా మా దగ్గర అప్పగించి పోవచ్చు. ఎన్నికలు వస్తే చాలామంది అలా చేస్తారు. బావ రివాల్వర్ తీసి నా బల్ల మీద పెట్టాడు. గొట్టం గోడవైపు తిప్పాడు. చక్రం బయటికి తీసి నాకు చూపించాడు. ఆరు గదుల్లోంచీ వెలుతురు వచ్చింది.

"రాయి చిన్నీ," అన్నాడు.

ఆ రోజు నంబరు నేనే చేత్తో పట్టుకుని చదువుకున్నాను.

ఆదివారం బావ వకీలుతో, కొట్లో పనిచేసే నలుగురు హమాలీలతో ప్లాటు దగ్గరికి వెళ్లాడు. అక్క పొద్దున్నుంచీ గడపలోనే కూర్చుంది. అక్కడ అరుపులయ్యాయి, చొక్కా గల్లాలు పట్టుకున్నారు, కొలత జరగలేదు. సాయంత్రం చినిగిన చొక్కాతో వచ్చాడు. చినిగింది కుడి నడుము దగ్గర. ఎవరో అక్కడ పట్టి లాగారు. అక్క ఆ చిరుగులో వేళ్లు పెట్టి చూసి, చొక్కా విప్పించింది. కేసు ఇప్పటికీ నడుస్తోంది. పాపను బడికి రోజూ బావే దింపుతాడు. ఎత్తుకున్నన్నాళ్లూ ఎడమ వైపే ఎత్తుకున్నాడు.

డైరీలో రాసినందుకు బావ నన్ను ఏమీ అనలేదు. కొన్నాళ్లు నేను డైరీ తెరిస్తే గదిలోంచి లేచి వెళ్లిపోయేవాడు. తరవాత అదీ మానేశాడు.

నానబెట్టిన ఆ తోలు ఏమైందో చెప్పలేదు కదా. ఆ శనివారం తరవాత రెండు రోజులకు నేను టిఫిన్ డబ్బాతో మెట్ల మీద కూర్చుంటే తాత ఒక వస్తువు నా ఒళ్లో పడేశాడు. నా డైరీకి అట్ట. ఆ మందపాటి తోలే, రెండు సూదుల కుట్టు, పైన పట్టీ, అదే గుండీ.

"నానిన తోలు ఊకె పారేయరాదు. జర గుండీ గట్టిగనే పెట్టిన. ఎవ్వలన్న తెరిస్తే నీకు ఇనబడాలె," అన్నాడు. కాస్త ఆగి, "నువ్వు తెరిస్తే వాళ్లకు గూడ" అన్నాడు.

ఇది జరిగి మూడేళ్లు.

బావ ఇవాళ రెండింటికి వచ్చాడు. అప్పగించినది మా దగ్గరే ఉన్నట్టు ఏడాదికోసారి సంతకం చెయ్యాలి. రిజిస్టర్ ఆయన వైపు తిప్పాను. పెన్ను అందుకోబోతుండగా, అరగంట కోసం ఆగకుండా, చెప్పేశాను.

"తాత పోయిండు బావా."

ఆయన చెయ్యి గాల్లో ఆగింది. పెన్ను తీసుకోలేదు. మెల్లగా వెనక్కి, కుడి తుంటి ఎముక దాటాక, కొంచెం ఎత్తుగా, తాత సుద్ద గీత గీసిన చోటికి పోయింది. అక్కడ ఏమీ లేదు. కాసేపు అక్కడే ఉండి, తిరిగి వచ్చింది.

సంతకం చేశాడు. తరవాత మెట్ల కిందికి వెళ్లి, తల వంచి, ఆ కట్టెల వరస ముందు నిలబడ్డాడు.

నేను డైరీ తీశాను. గుండీ టక్‌మంది. బావ అక్కణ్నుంచే వెనక్కి తిరిగి చూశాడు. ఈసారి ఆయన చూస్తుండగానే, తేదీ వేసి, రాశాను: ఒకటి.